స్క్రూ వదులవ్వట్లేదు తమ్ముడూ, చెక్క నలుగుతోంది

సోనపూర్ తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిన్నాన్నతో కలిసి 24 అడుగుల పాత ఫైబరు బోటు కొన్నాడు. దానికి సెకండ్ హ్యాండ్ 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిను. బోటు వెనక చివర నిలువుగా ఉండే పలకకి ఇంజినుని పట్టి ఉంచే రెండు క్లాంపు స్క్రూలూ ఎంత బిగించినా గంట, గంటన్నర నడిచేసరికి వదులవుతున్నాయి. మొన్న బాహుదా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటుతుంటే ఇంజిను ఒక పక్కకి నాలుగు వేళ్లు జరిగిందట, చిన్నాన్న ఒడిసి పట్టుకోబట్టి దక్కిందట. స్క్రూ పిడికి ఇనుప పైపు తొడిగి బిగించమని ఒకరు చెప్పారు, బెజ్జాలు వేసి బోల్టులు పెట్టమని ఇంకొకరు, ఆ స్క్రూలుండే ఇంజిను బ్రాకెట్టుకి వెల్డింగు పెట్టించమని మూడో ఆయన. వీటిలో ఏది చెయ్యాలి అని ప్రశ్న.

ముందు ఆ పైపు పక్కన పడెయ్. వెల్డింగు మాట మర్చిపో. బోల్టుల సంగతి తర్వాత మాట్లాడదాం, ఎందుకంటే నీ బోటుకి ఇప్పుడున్న పరిస్థితిలో బోల్టులు పెడితే బోల్టులతో సహా ఇంజిను పోతుంది.

మాది బారువ దగ్గర ఊరు. గోపాల్‌పూర్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఫైబరు పని, ఓబీఎం (బోటు వెనక తగిలించే ఇంజిను) పని రెండూ చేస్తాను. ఇక్కడి ఒడియావాళ్లు మన తెలుగు జాలర్లని నోలియాలు అంటారు, మనం వాళ్ల వంజరం తూకాల మీద జోకులేస్తాం, ఆ గొడవ ఎప్పుడూ ఉండేదే. కానీ ఇంజిను విషయంలో ఆర్యపల్లి నుంచి రామాయపట్నం దాకా అందరిదీ ఒకటే పొరపాటు. ఇంజిను ఊగితే అందరూ స్క్రూ వంకే చూస్తారు. ఆ స్క్రూ దేన్ని పట్టుకుని ఉందో ఎవరూ చూడరు.

ఒకసారి బలం ఎటు పోతోందో ఆలోచించు. ఫ్యాను (ప్రొపెల్లర్) నీటిని వెనక్కి నెడుతుంది, బోటు ముందుకి పోతుంది. ఆ తోపు పుట్టేది పలక పైఅంచుకి దాదాపు రెండడుగుల కింద. కానీ క్లాంపు స్క్రూలు ఉన్నది పైఅంచు దగ్గర. అంటే ఇంజిను నిలువునా ఒక గునపం లాంటిది. బ్రాకెట్టు అడుగు భాగం పలకని బయటి నుంచి లోపలికి నొక్కుతుంది, అదే సమయంలో పైభాగం వెనక్కి వాలాలని చూస్తుంది. దాన్ని వాలకుండా ఆపేది లోపలి వైపు స్క్రూల కొసన ఉన్న రెండు బిళ్లలు. 9.9 ఇంజిను ఫుల్ థ్రాటిల్‌లో ఉజ్జాయింపుగా నూరు కిలోల తోపు ఇస్తుందనుకుంటే, గునపం లెక్కన ఆ బిళ్లల దగ్గరికి వచ్చేసరికి అది రెండు మూడింతలవుతుంది. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దవైన రెండు బిళ్లల మీద, గంటల తరబడి, వణుకుతో సహా.

లోపలి చెక్క గట్టిగా ఉంటే అంత నొక్కుడు తట్టుకుంటుంది. నానిపోయిన ప్లైవుడ్ అయితే ఆ బిళ్ల కింద కొంచెం కొంచెం నలిగి లోపలికి పోతుంది. థ్రాటిల్ తగ్గించగానే నొక్కుడు పోతుంది, చెక్క మాత్రం పాత చోటుకి రాదు. అక్కడ వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో వణుకు పని చేసి స్క్రూని తిప్పేస్తుంది. నువ్వు మళ్లీ బిగిస్తావు, ఇంకొంచెం నలుగుతుంది. నీకు గంటన్నరకి వదులవుతోందంటే నా అనుమానం నూటికి తొంభై పాళ్లు పలక మీదే.

పైపు ఎందుకు వద్దన్నానంటే, ఆ బ్రాకెట్టు పోత పోసిన అల్యూమినియం. స్క్రూ చేత్తో బిగించడానికి చేసింది. పైపు వేసి తిప్పితే మూడింటిలో ఒకటి జరుగుతుంది. బిళ్ల స్క్రూ కొసనుంచి ఊడుతుంది, మర పోతుంది, లేదా బ్రాకెట్టే కంటికి కనపడని చీలిక ఇస్తుంది. మూడోదే ప్రమాదం. అది ఒడ్డున తెలియదు, కెరటాల్లోనే తెలుస్తుంది. ఉప్పునీళ్లు తాగిన పాత పోత అల్యూమినియానికి వెల్డింగు చేయిస్తే అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. పగిలిన బ్రాకెట్టు మార్చడమే, అతికించడం లేదు.

ఇప్పుడు పలకని పరీక్ష చేద్దాం. దీనికి డబ్బు ఖర్చు లేదు.

ఇంజిను దించేసి, పలకని మంచినీళ్లతో కడిగి ఆరనివ్వు. స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో లోపలా బయటా జానెడు దూరంలో కొడుతూ పో. బాగున్న చోట 'టక్ టక్' మని పొడిగా మోగుతుంది. కుళ్లిన చోట 'దబ్ దబ్' మని, గుమ్మడికాయ మీద కొట్టినట్టు ఉంటుంది. ఎక్కువగా కింద మూలల్లో, నీళ్లు పోయే డ్రెయిన్ బెజ్జం చుట్టూ, పాత బోల్టు బెజ్జాల దగ్గర ఆ మోత వస్తుంది. ఆ తర్వాత ఇంజిను మళ్లీ తగిలించి, పైకి టిల్ట్ చేసి, కింది భాగాన్ని పట్టుకుని నీ బరువుతో మెల్లగా కిందికి నొక్కు. ఒకర్ని పలక పక్క మూలలు చూడమను. పలక ఊపిరి తీసినట్టు లోపలికీ బయటికీ కదిలినా, మూలల్లో జెల్‌కోట్ (ఫైబరు పైనుండే నున్నటి పూత) మీద వెంట్రుకల్లాంటి గీతలు తెరుచుకుంటున్నా ఇక పరీక్ష అక్కర్లేదు.

అనుమానం మిగిలితే లోపలి వైపు నుంచి, నీటి మట్టానికి పైన, కింద రెండు మూడు చోట్ల 3 మి.మీ. బిట్టుతో బెజ్జం వెయ్యి. బయటి ఫైబరు దాటనివ్వకు. బిట్టుకి వచ్చిన పొట్టు చేతిలో నలిపి చూడు. పొడిగా, లేత రంగులో ఉండి చెక్క వాసన వేస్తే చెక్క బతికున్నట్టు. నల్లగా, ముద్దగా, మురిగిన ఆకుల వాసన వేస్తే నువ్వు ఇంజిను తగిలించింది చెక్కకి కాదు, రెండు ఫైబరు పొరల మధ్య ఉన్న బురదకి. మంచిగా వచ్చిన బెజ్జాల్ని ఎపాక్సీతో (రెండు పాళ్లు కలిపి వాడే గట్టి జిగురు) మూసెయ్యడం మర్చిపోకు.

నా సొంత కథ ఒకటి చెప్పాలి ఇక్కడ. పైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా. ఆ దెబ్బకి పోయిన బోట్ల స్థానంలో తర్వాతి రెండేళ్లలో చాలా కొత్త ఫైబరు బోట్లు వచ్చాయి. మా బావమరిదీ నేనూ ఒకటి కొన్నాం. చూడ్డానికి అద్దంలా ఉంది. రెండో ఏడు నవంబరులో, కానాగంతల మీదికి పోయి వస్తుంటే, ఒడ్డుకి మూడు కెరటాల దూరంలో వెనక నుంచి అల లేపింది, ఫ్యాను గాల్లోకి లేచి ఇంజిను గర్రుమంది, మళ్లీ నీటిలో పడగానే కటుక్కున చప్పుడు. వెనక్కి తిరిగి చూసేసరికి పలక పైఅంచు అరటిబోదె చీలినట్టు చీలి, ఇంజిను, దానితో పాటు మూరెడు ఫైబరు సముద్రంలో ఉన్నాయి. క్లాంపు స్క్రూలు రెండూ ఆ ముక్కని గట్టిగా పట్టుకునే ఉన్నాయి! తర్వాత ఆ చీలిక చూస్తే లోపల ఉన్నది మెరైన్ ప్లై కాదు, ఏవో ప్యాకింగు చెక్కలు పేర్చి, సందుల్లో రెజిన్ పోసేశారు. ఏ యార్డు చేసిందో పేరెందుకులే. ఫైబరు మనిషినై ఉండి లోపల ఏముందో చూడకుండా కొన్నాను చూడు, ఆ సిగ్గు నాది. అప్పట్నుంచి ఎవరు బోటు కొంటున్నా ముందు ఆ 3 మి.మీ. బిట్టు తీసుకెళ్తాను. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే సమాధానం.

పలక పోయిందని తేలితే చెయ్యాల్సింది ఇదీ. తొందరపడకు, ఇది రెండు రోజుల పని కాదు. తూర్పు తీరానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఉంటుంది, అందరూ అప్పుడే చేయించుకుంటారు. ఎండ బాగా ఉండి చెక్క ఆరుతుంది. వాన మొదలయ్యాక ఈ పని మొదలెట్టావంటే తేమని లోపల పెట్టి తాళం వేసినట్టే.

లోపలి ఫైబరు పొరని గ్రైండరుతో చుట్టూ కోసి తీసెయ్యాలి. బయటి పొర ముట్టుకోవద్దు, బోటు ఆకారం దానిదే. కుళ్లిన చెక్కంతా చెక్కి, బయటి పొర లోపలి ముఖం గరుకుగా అయ్యేదాకా రుద్ది, నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. కొత్త చెక్కకి ఐఎస్ 710 అనే నాణ్యత ముద్ర ఉన్న మెరైన్ ప్లై మాత్రమే. బరంపురంలో అడిగితే 'వాటర్‌ప్రూఫే కదా' అని ఐఎస్ 303 అంటగట్టబోతారు, అది కిచెన్ కప్‌బోర్డులకి. 710 ప్లైని 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి పరీక్షిస్తారు, దాని జిగురు వేరు. 18 మి.మీ. షీట్లు రెండు, మధ్యలో చిక్కటి ఎపాక్సీ, వాటి అంచులన్నిటికీ కూడా ఎపాక్సీ పట్టించాలి. నీళ్లు ప్లైలోకి దూరేది ముఖంలోంచి కాదు, అంచులోంచి. రెండు షీట్లూ, పాత కొత్త ఫైబరు పొరలూ కలిపి 45 మి.మీ. చుట్టుపక్కల మందం వస్తుంది, చిన్న ఇంజిన్ల క్లాంపు నోటికి అది బాగా సరిపోతుంది. అయినా ప్లై కొనే ముందు నీ ఇంజిను క్లాంపు నోరు ఎంత తెరుచుకుంటుందో టేపుతో కొలుచుకో.

పైన వేసే ఫైబరు దగ్గర చాలామంది ఒక తప్పు చేస్తారు. ఎపాక్సీ వాడుతూ మామూలు తెల్ల మ్యాటు (నెయ్యని ఫైబరు పోగుల పొర) వేస్తారు. ఆ మ్యాటులో పోగుల్ని అతికించి ఉంచే బంక పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. అందుకని మ్యాటు మొండికేస్తుంది, తడవదు, లోపల గాలి మిగిలిపోతుంది. ఎపాక్సీ అయితే నేసిన గుడ్డ వాడు, మ్యాటు వేయాలంటే పాలిస్టర్ వాడు. ఆ కొత్త పొరల్ని పలక దగ్గరే ఆపేయకుండా పక్క గోడల మీదికీ అడుగు మీదికీ జానెడున్నర సాగదీయాలి, ఒక్కో పొరా ముందుదాని కంటే కొంచెం ఎక్కువ దూరం. మూలల్లో ముందుగా ఎపాక్సీ పిండితో గుండ్రంగా పూడ్చుకోవాలి, లంబకోణంలో ఫైబరు కూర్చోదు. పలక నుంచి బోటు అడుక్కి రెండు మోకాళ్లు, అంటే త్రికోణపు దన్ను చెక్కలు, ఇంజినుకి ఇటూ అటూ తప్పకుండా పెట్టించు. అవి లేకపోతే ఎంత మంచి పలకైనా తలుపులా ఊగుతుంది.

పాలిస్టర్ రెజిన్ గట్టిపడడానికి కలిపే కోబాల్టు, హార్డనర్ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయొద్దు. మంట, పేలుడు వస్తుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డనర్. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

సరే, పలక గట్టిది ఉంది లేదా గట్టిది చేయించావు. ఇప్పుడు ఇంజిను కూర్చోబెట్టడం.

మొదటిది ఎత్తు. పలక మధ్యలో, ఇంజిను తగిలించే చోట, పైఅంచు నుంచి బోటు అడుగు దాకా నిలువుగా కొలువు. 15 అంగుళాలు వస్తే షార్ట్ షాఫ్ట్ (కాలు పొట్టి ఇంజిను), 20 వస్తే లాంగ్ షాఫ్ట్ (కాలు పొడుగు ఇంజిను). సెకండ్ హ్యాండ్‌లో ఏది దొరికితే అది తెచ్చి తగిలించేవాళ్లు మన దగ్గర ఎక్కువ. 20 అంగుళాల పలకకి షార్ట్ షాఫ్ట్ పెడితే ఫ్యాను అడుగు వెనక నురగలో తిరుగుతుంది, గాలి పీలుస్తుంది, ఇంజిను అరుస్తుంది తప్ప బోటు కదలదు. పైగా చల్లబరిచే నీళ్లు లాగే బెజ్జాలు పైకి తేలిపోయి ఇంజిను వేడెక్కి పట్టేస్తుంది. 15 అంగుళాల పలకకి లాంగ్ షాఫ్ట్ పెడితే అంత ప్రమాదం లేదు గానీ, నీటిని దున్నుకుంటూ పోతుంది, పెట్రోలు తాగుతుంది, ఒడ్డుకి వచ్చేటప్పుడు ముందే ఇసుక తగులుతుంది.

ఫ్యానుకి పైన అడ్డంగా ఉండే రెక్క లాంటి పలక ఉంటుంది చూడు, మనవాళ్లు కావిటేషన్ ప్లేటు అంటారు. బోటు అడుగుకి ఒక తిన్నని బద్ద ఆనించి వెనక్కి చాచు. ఆ ప్లేటు బద్దకి సమానంగా గానీ, 25 మి.మీ. దాకా కిందికి గానీ ఉండాలి. ఇది పుస్తకం లెక్క. కెరటాల్లోంచి పోయే మన బోట్లకి నేను ఆ అంగుళమంతా కిందికే ఉంచుతాను, అమరం (బోటు వెనక భాగం) లేచినప్పుడు ఫ్యాను నీటిని వదలకుండా. చిలికా లోపల నిలకడ నీళ్లలో తిరిగేవాళ్లకి సమానంగా చాలు. ఎత్తు తక్కువ చెయ్యాలంటే పలక నోరు కొయ్యాలి, ఎక్కువ చెయ్యాలంటే గట్టి చెక్క కూర్చాలి. కోసినా కూర్చినా బయటపడ్డ చెక్కకి వెంటనే ఎపాక్సీ. కోసి, 'రేపు చూద్దాం' అని వదిలేసిన పలకలే రెండేళ్లకి నా దగ్గరికి వస్తాయి.

రెండోది నడిమధ్య. అణియం (బోటు ముందు భాగం) మొన నుంచి అమరానికి తాడు లాగి గుర్తు పెట్టుకో, పలక రెండు కొసల నుంచి కూడా కొలువు. రెండు లెక్కలూ కలవకపోతే తాడునే నమ్ము, పాత బోట్లలో పలక ఒక పక్కకి వంకరగా ఉండడం మామూలే.

మూడోది బిళ్లలు నలిపే చోటు. స్క్రూ బిళ్లని నేరుగా ఫైబరు మీద కూర్చోబెట్టకు. లోపల 5, 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు గానీ, గట్టి టేకు పలక గానీ జానెడు వెడల్పున పెట్టు. బయట కూడా బ్రాకెట్టు ఆనే చోట ఒక ప్లేటు. నొక్కుడు రెండు బిళ్లల మీద కాకుండా జానెడు చోటంతా పంచుకుంటుంది. నలుగుడు సగం ఇక్కడే ఆగిపోతుంది.

స్క్రూ మరలకి నీళ్లకి పోని గ్రీజు రాసి, ఒకటి కాస్త, రెండోది కాస్త, మార్చి మార్చి చేతి బలంతో బిగించు. పది నిమిషాలు నడిపి ఆపి మళ్లీ చూడు. ఇంకో అరచుట్టు తిరుగుతుంది, అది సహజం. మొదటి వేట నుంచి వచ్చాక మళ్లీ. ఆ తర్వాత ప్రతిరోజూ ఇంజిను స్టార్టు తాడు లాగే ముందు చెయ్యి వేసి చూడడం అలవాటు చేసుకో. రెండు పిడుల్నీ కలిపి ఒక కడ్డీ దూర్చి తాళం వేస్తే అవి వాటంతట అవి తిరగవు. దొంగలకి కూడా ఒక అడ్డం.

ఇప్పుడు బోల్టులు. బ్రాకెట్టు కింది భాగంలో ఉండే బెజ్జాలు అలంకారానికి పెట్టలేదు. ముందుకి పోయేటప్పుడు బ్రాకెట్టు అడుగు పలకకి ఆనుకుంటుంది గానీ, రివర్స్ వేసినప్పుడు, కెరటం వెనక నుంచి కొట్టినప్పుడు పలక నుంచి దూరం జరగాలని చూస్తుంది. అప్పుడు క్లాంపు ఒక్కటే పట్టుకుని ఉంటే ఇంజిను పైకెగిరి ఊడొచ్చేది ఆ క్షణంలోనే. నీ విషయంలో పక్కకి జరగడం కూడా అదే. 9.9కి కింద రెండు బోల్టులు, పైన క్లాంపులు, ఈ జత సరిపోతుంది.

బోల్టు తలమీద ఏ4 అని ముద్ర ఉందో లేదో చూడు. అది 316 స్టెయిన్‌లెస్. ఏ2 అంటే 304, ఉప్పుగాలికి ఎర్ర మచ్చలు తేలుతుంది. అయస్కాంతం పెట్టి చూపించి 'ఇదిగో అంటుకోలేదు, అసలు స్టీలు' అనే షాపు వాళ్లుంటారు, రెండూ దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. ఇత్తడి, రాగి మాత్రం అల్యూమినియం దగ్గరికి రానివ్వకు, ఉప్పునీళ్లలో అల్యూమినియాన్ని తినేస్తాయి. స్టెయిన్‌లెస్ కూడా కొంత తింటుంది, బోల్టు చుట్టూ తెల్లపొడి కనిపిస్తే అదే. బోల్టు కాండానికి గ్రీజు, తల కింద నైలాన్ వాషరు పెడితే చాలా తగ్గుతుంది.

బెజ్జం వేసే పద్ధతి ముఖ్యం. 8 మి.మీ. బోల్టుకి 8 మి.మీ. బెజ్జం వేసి దూర్చేస్తే ప్లై అంచు ఆ బెజ్జం లోపల బట్టబయలుగా ఉంటుంది. ముందు 14 మి.మీ. బెజ్జం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడిమధ్యలోంచి 8 మి.మీ. వెయ్యి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టం ఉంది, నీళ్లకి చెక్క దొరకదు. ఒక రోజు ఎక్కువ పడుతుంది, పలక ఆయుష్షు ఏళ్లు పెరుగుతుంది. లోపలి నట్టు కింద వెడల్పాటి ప్లేటు, మామూలు వాషరు కాదు. బెజ్జం నోట్లో పాలీయురేథేన్ సీలెంటు పెట్టు, సికాఫ్లెక్స్ లాంటిది. పులుపు వాసన వేసే బాత్రూం సిలికాన్ వద్దు.

మన దగ్గర ఒక చిక్కుంది, పుస్తకాల్లో రాయనిది. సోనపూర్‌లో గానీ గోపాల్‌పూర్‌లో గానీ ఇంజిను బోటు మీద వదిలెయ్యం. వేట నుంచి రాగానే దించి భుజాన వేసుకుని ఇంటికి తెస్తాం. నలభై కిలోల దాకా బరువు, రోజూ బోల్టులు ఎవడు విప్పుతాడు అని కదా నీ ప్రశ్న కూడా. 8 మి.మీ. బోల్టు నట్టుకి 13 నంబరు స్పానరు, రెండు నట్లకి రెండు నిమిషాలు. నైలాక్ నట్టు అయితే రోజూ విప్పితే లోపలి నైలాన్ అరిగి పట్టు పోతుంది, అందుకని మామూలు నట్టు మీద ఇంకో నట్టు వేసి రెండూ ఎదురెదురు బిగించు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ గ్రీజు లేకుండా వేగంగా తిప్పితే కరుచుకుపోయి ఇక రాదు, హాక్సాతో కొయ్యడమే. గ్రీజు, మెల్లగా. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవాలని ఒకాయన బోల్టులు తీసేసి నైలాన్ తాడుతో కట్టాడు, ఆ తాడు ఎండకి పొడై పోయింది.

బోల్టులున్నా సరే గొలుసు కావాలి. బ్రాకెట్టు మీద ఒక కన్ను ఉంటుంది, అక్కడి నుంచి స్టెయిన్‌లెస్ తీగ తాడు గానీ గొలుసు గానీ బోటుకి కట్టు. కానీ ఆ రెండో కొస పలకకే కట్టకు. నా ఇంజిను పలక ముక్కతో సహా పోయిందని చెప్పాను కదా, గొలుసు ఉండి ఆ పలకకే కట్టి ఉంటే అదీ దానితోనే పోయేది. పక్క మోకాలికో, అడుగున ఉన్న దూలానికో వేరే ఐ బోల్టు వేసి దానికి కట్టు. గొలుసు పొట్టిగా ఉండాలి. పొడుగ్గా ఉంటే ఊడిన ఇంజిను తిరుగుతున్న ఫ్యానుతో బోటు లోపలికి రావచ్చు. అందుకే కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిను ఆగిపోయేది) చేతికి తగిలించుకోవాలి. దాన్ని టిల్లరుకి (ఇంజిను తిప్పే పిడికి) చుట్టేసి కూర్చునే తండేళ్లని (బోటు నడిపేవాళ్లని) చూస్తే నాకు టెన్షన్. అల కొట్టి మనిషి పడిపోతే ఇంజిను ఆగకుండా గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది.

టిల్ట్ లాక్ గురించి ఒక మాట. లోతు నీళ్లలో లాక్ వేసి ఉంచు, లేకపోతే రివర్స్‌లో ఇంజిను పైకి లేస్తుంది. ఒడ్డు దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం లాక్ తీసెయ్, ఇసుక తగిలితే దానంతట అదే పైకి లేవాలి. లాక్ వేసి ఉండగా ఇసుక కొట్టిందంటే ఆ దెబ్బంతా పలక మీదికి వస్తుంది. చాలా పలకలు నడి సముద్రంలో కాదు, ఇలా ఒడ్డునే మొదటి చీలిక తెచ్చుకుంటాయి. ముందుకి వంపు పెట్టే పిన్ను మధ్య బెజ్జంలో పెట్టి మొదలెట్టు. అణియం మరీ లేస్తే ఇంజినుని పలక దగ్గరికి, నీళ్లలోకి తవ్వుకుంటే దూరానికి, ఒక్కో బెజ్జం చొప్పున మార్చి చూసుకో.

పాత మాసుల నావలకి ఈ తలనొప్పి ఉండేది కాదు. కొబ్బరి తాడుతో కుట్టిన నావ, రెండు కొసలూ మొనదేలి ఉండేవి, ఇంజిను తగిలించడానికి పలకే లేదు. తర్వాత పక్కకి కట్టిన లాంగ్ టెయిల్ డీజిల్ వచ్చింది, దాని లెక్క వేరు. పలక వెనక ఇంజిను వేలాడదియ్యడం మనకి కొత్త అలవాటే, అందుకే మన పెద్దవాళ్ల దగ్గర దీనికి సామెతలు లేవు.

నీ విషయంలో ఇంకొకటి గుర్తుపెట్టుకో. బాహుదా మొగ వదిలేసి ఉత్తరంగా రుషికుల్య వైపు పోయే ఆలోచన ఉంటే, తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ వేట నిషేధం ఉంటుంది. ఇంజిను బాగుచేసుకుని ఉత్సాహంగా పోయి పట్టుబడ్డవాళ్లున్నారు.

ఈ వారం చెయ్యాల్సింది ఇంతే. ఇంజిను దించు, పిడితో కొట్టి చూడు, 3 మి.మీ. బెజ్జాలు మూడు వెయ్యి. పొట్టు పొడిగా వస్తే ప్లేట్లు, రెండు బోల్టులు, గొలుసు పెట్టుకుని వేటకి పో. తడిగా వస్తే విరామం దాకా ఆ బోటుతో మొగ దాటొద్దు. చిన్నాన్న ఒప్పుకోకపోతే ఆ తడి పొట్టు ఆయన అరచేతిలో పోసి వాసన చూడమను. నేను చెప్పిన దానికంటే అది తొందరగా పని చేస్తుంది.